నల్లమ్మకు లేచి నిలబడిన టేబులు

విష్ణువర్ధన్‌కు నడుము నొప్పి వచ్చిందంటే ఆ ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. పని చేసి నొప్పి తెచ్చుకునేవాళ్ళు కొందరు, కూర్చుని తెచ్చుకునేవాళ్ళు కొందరు. అతను కూర్చునే రకం. ఆశ్చర్యమల్లా ఆ నొప్పికి అతను కనిపెట్టిన మందు చూసి కలిగింది.

బెంగళూరు డాక్టరు అతన్ని ఎక్కువసేపు కూర్చోవద్దనీ, అప్పుడప్పుడు నిలబడి పని చేసుకోమనీ చెప్పాడట. ఇంకొకరైతే లేచి నిలబడేవాళ్ళు. విష్ణువర్ధన్ మాత్రం తానొక్కడే నిలబడితే చాలదు, తనతో బాటు టేబులు కూడా నిలబడాలన్నాడు. బెంగళూరులోనే ఒక విదేశీ కంపెనీలో పనిచేసే స్నేహితుణ్ణి చూడబోయి, అక్కడ మీట నొక్కితే లేచి, ఇంకో మీట నొక్కితే దిగే టేబులు చూసి వచ్చాడు. ఇల్లు చేరేదాకా దాన్ని గురించే తలపోశాడు. చేరినాక అందరికీ దాన్ని గురించే చెప్పాడు.

"అంత దూరం పోయి కొనేదెందుకు? నేనే చేస్తా," అన్నాడు.

అతను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్సు చదివాడు. పూర్తి చేయలేదు. పూర్తి చేయని చదువు మీద మనిషికుండే నమ్మకం పూర్తి చేసిన చదువు మీద ఉండదు.

తిమ్మక్క అతని అక్క. చిన్న వయసులోనే మొగుడు పోతే గార్లదిన్నె దగ్గరి ఈ పుట్టినూరికి తిరిగి వచ్చింది. నాయన బతికుండగానే ఇంటి వెనక బీడు చూపించి, ఇది నీదమ్మా అన్నాడు. ఆ రాళ్ళనేలలో ఆమె చీనీ చెట్లు పెట్టింది. బత్తాయినే అక్కడ చీనీ అంటారు. రెండు బోర్లు ఎండిపోయి మూడోదాంట్లో నీళ్ళు పడ్డాయి. పిల్లలు లేని మనిషి కాబట్టి చెట్లనే పిల్లల్లా చూసుకుందని ఊళ్ళో వాళ్ళు అంటారు గానీ, తిమ్మక్కకు ఆ మాట నచ్చదు. పిల్లలైతే పెద్దయ్యాక ఎదురు మాట్లాడతారు, చీనీ చెట్లు ఆ పని చేయవు అంటుంది.

ఉచిత కరెంటు వచ్చి అప్పటికి రెండేళ్ళు. దుడ్లు కట్టే పని తప్పింది. అయితే బోర్లకిచ్చే కరెంటు చెప్పి రాదు, చెప్పి పోదు. అందుకే తిమ్మక్క బోరు దగ్గర ఆటో స్టార్టరు పెట్టించింది. కరెంటు ఎప్పుడొచ్చినా ఆ పెట్టె తనంతట తాను మోటారును ఆడిస్తుంది. మనిషి చేయి తగలనక్కరలేదు. నీళ్ళు పడుతూ ఉంటే కూలికి వచ్చే నల్లమ్మ మడవ తిప్పుతూ ఒక్కో పాదూ నింపుకుంటూ పోతుంది. నల్లమ్మ తిమ్మక్క ఈడుదే. ఇద్దరూ కలిసి ఆ తోటను ఎన్నో ఎండాకాలాలు దాటించారు.

ఈ ఎండాకాలం మాత్రం జడ్పీటీసీ ఎన్నికలతో కలిసి వచ్చింది.

విష్ణువర్ధన్‌కు టికెట్టు కావాలి. అందుకని ముందు వసారా గదిని ఆఫీసు చేశాడు. ఆ ఆఫీసులో ఈ టేబులు ఎందుకు అవసరమో ఒకరోజు అన్నం తింటూ అక్కకు వివరించాడు. చిన్నవాళ్ళు అర్జీ పట్టుకుని వస్తే టేబులు పైకి లేపుతాడు. తాను నిలబడి మాట్లాడతాడు కాబట్టి వాళ్ళూ నిలబడాల్సిందే. కుర్చీ వేసే పని ఉండదు, తొందరగా వెళ్ళిపోతారు, పైగా మనకోసం నిలబడి మాట్లాడినాడని చెప్పుకుంటారు. పెద్దవాళ్ళు వస్తే కిందికి దించుతాడు. కూర్చుని కాఫీ తాగుతారు.

"నేనొస్తే యాడుంటాదప్పా అది? పైనా, కిందా?" అని అడిగింది తిమ్మక్క.

"నువ్వు ఇంట్లో మనిషివి కదక్కా. ఆఫీసులోకి నువ్వెందుకొస్తావు?" అన్నాడు.

తిమ్మక్క మజ్జిగ పోసింది. ఆ మాటను మాత్రం మనసులో ఒక మూల పెట్టుకుంది.

టేబులు కట్టడానికి తోడు షరీఫ్ వచ్చాడు. గార్లదిన్నెలో కాలిపోయిన బోరు మోటార్లకు తీగ చుట్టే షాపు అతనిది. అతని చేతిలో పడిన మోటారు మళ్ళీ తప్పకుండా ఆడుతుంది, మళ్ళీ తప్పకుండా అతని చేతికే వస్తుంది. కరెంటు విషయంలో అతను ఎవరి మాటా వినడు. విష్ణువర్ధన్ కూడా వినడు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినకుండా పని మొదలుపెట్టారు.

పాత జీపు జాకీలు రెండు తెచ్చి టేబులు కింద ఇటొకటి అటొకటి నిలబెట్టారు. రెండూ కలిసి తిరగాలని సైకిల్ చైను తగిలించారు. తిప్పడానికి మోటారు కావలసి వచ్చి వంటింట్లో పిండి రుబ్బే గ్రైండరును విప్పారు. విష్ణువర్ధన్ భార్య ఇంద్రాణి ఆ రోజు నుంచి దోసెలన్న మాట ఎత్తడం మానేసి, రోజూ ఉప్మా చేసింది. అదే ఆమె నిరసన. ఆ మగవాళ్ళిద్దరికీ మాత్రం దోసె పోయి ఉప్మా వచ్చిందన్న సంగతే తెలియలేదు.

అసలు పని కంట్రోలు పెట్టె. విష్ణువర్ధన్ అనంతపురంలో రేడియో సామాన్లు అమ్మే అంగడికి పోయి రిలేలూ, ట్రాన్సిస్టర్లూ, వాటిని అతికించే అట్టా తెచ్చుకున్నాడు. ఆకుపచ్చ మీట నొక్కితే ఒక రిలే టక్కుమని పడి టేబులు లేవాలి, ఎర్ర మీట నొక్కితే ఇంకో రిలే పడి దిగాలి. చాలా దూరం లేస్తే ఆపడానికి పైన ఒక చిన్న స్విచ్చి. ఇంతే. ఇంత దానికి అతను గదిలో తలుపు వేసుకుని, సీసం కరిగిస్తూ, పంచెకు చిల్లులు పెట్టుకుంటూ, పొగలో కళ్ళు ఎర్రజేసుకుంటూ కూర్చున్నాడు. నిలబడి పని చేసుకొమ్మన్న డాక్టరు మాట అటకెక్కింది. టేబులు తయారయ్యేసరికి నడుము ముందుకంటే వంగింది.

పెట్టె కోసం వెతికి వెతికి వంటింటి పోపుల డబ్బా పట్టుకుపోయాడు. ఆవాల గిన్నె ఉండేచోట ఒక రిలే, జీలకర్ర గిన్నె ఉండేచోట ఒక రిలే, మెంతుల చోట ట్రాన్సిస్టర్లు. చూడడానికి ముచ్చటగానే ఉంది. స్టీలు డబ్బా కాబట్టి మూత పెట్టబోయినప్పుడు షాకు కొట్టి అతన్ని గోడదాకా విసిరింది. దాని తర్వాత మూత కింద ఇంద్రాణి పాత చీర ముక్క పరిచారు. పెట్టె వేడెక్కినప్పుడల్లా ఇల్లంతా తాలింపు వాసన.

మొదటిసారి ఆకుపచ్చ మీట నొక్కినప్పుడు టేబులు కుడివైపు మాత్రమే లేచింది. సైకిల్ చైను వదులు. బిగించినాక రెండు వైపులా లేచింది గానీ కుడిచేయి ముందు, ఎడమచేయి వెనక. ఇది మర్యాదగా వంగి నమస్కారం పెట్టినట్టుందని షరీఫ్ అన్నాడు. విష్ణువర్ధన్‌కు ఆ మాట నచ్చి అలాగే వదిలేశాడు.

అసలు చిక్కు కరెంటుతో వచ్చింది. ఇంటి కరెంటుకు బలం లేదు. సన్నగా వచ్చినప్పుడు రిలేలు పళ్ళు కొరికినట్టు కొట్టుకున్నాయి, ఉన్నట్టుండి ఎక్కువొచ్చినప్పుడు మెంతుల చోట ఉన్నవన్నీ మాడిపోయాయి. మళ్ళీ తెచ్చి పెడితే మళ్ళీ మాడాయి. అప్పుడు షరీఫ్, మన కరెంటుకు తట్టుకునే పెట్టె లోకంలో ఒకటే ఉందన్నాడు. అది బోరు దగ్గర ఉంది.

తిమ్మక్కకు ఎవరూ చెప్పలేదు. మర్నాడు తోటలోకి పోయేసరికి స్టార్టరు ఉండాల్సిన గోడకు మేకులు మాత్రం మిగిలాయి. అక్కడినుంచి ఒక కొత్త తీగ చెట్ల మీదుగా ఆఫీసు గది కిటికీలోకి పోతోంది.

"నాల్గు దినాలక్కా," అన్నాడు విష్ణువర్ధన్. "పెద్దాయన వచ్చి పోతానే మళ్ళా తగిలిస్తా. బోరుకు పాత స్టార్టరుండాది గదా, కరెంటొచ్చినప్పుడు చేత్తో నొక్కితే ఆడతాది."

పెద్దాయన అంటే జిల్లాలో టికెట్లు పంచే నాయకుడు. ఆయన ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. కరెంటులాగే.

ఇలా ఆటో స్టార్టరు టేబులుకు చేరింది. దానికి తెలిసిన పని ఒకటే. కరెంటు వస్తూనే ఎవరినీ అడగకుండా పని మొదలుపెట్టడం. బోరు దగ్గర ఆ పనే చేసింది, ఇక్కడా ఆ పనే చేసింది. కరెంటు రాగానే పోపుల డబ్బా టక్కుమనేది, గ్రైండరు మోటారు మూలిగేది, టేబులు కుడి భుజం ఎగరేసి లేచి నిలబడేది. ఎర్ర మీట నొక్కి దించుకోవాలి. కరెంటు పోయి వస్తే మళ్ళీ లేచేది. ఎవరూ లేని గదిలో అది లేవడం మొదటిసారి చూసి ఇంద్రాణి కాఫీ గ్లాసు వదిలేసింది.

ఇది తప్పని విష్ణువర్ధన్‌కు గానీ, షరీఫ్‌కు గానీ తోచలేదు. తిమ్మక్క షరీఫ్‌ను నిలదీసింది.

"కరెంటొస్తానే లేస్తాంది గదప్పా అది."

షరీఫ్ ఆమెను జాలిగా చూశాడు. "కరెంటొచ్చినప్పుడు లేయక, పోయినప్పుడు లేస్తాదా అక్కా?"

ఆ చుట్టుపక్కల ఊళ్ళలో పుట్టి పెరిగిన ఎవరైనా అంతే అనుకుంటారు. కరెంటు వచ్చిందంటే ఏదో ఒకటి తిరగాలి. అది నీళ్ళు తోడుతుందా, టేబులు లేపుతుందా అన్నది తర్వాతి సంగతి.

ఊరు మాత్రం దీన్ని తొందరగా అర్థం చేసుకుంది. ఆఫీసు కిటికీ ఎదుట రచ్చబండ ఉంది. అక్కడ కూర్చునే రైతులందరికీ అదే లైను మీద బోర్లున్నాయి. కిటికీలోంచి టేబులు తల పైకొచ్చిందంటే బోరు కరెంటు వచ్చినట్టు. "టేబులు లేసింది" అని ఒకడు అంటే చాలు, దుప్పటి దులుపుకుని అందరూ తోటలకు పోయేవాళ్ళు. ఆటో స్టార్టరు ఉన్నవాళ్ళైనా మడవ తిప్పుకోవాలి కదా. విష్ణువర్ధన్ ఆఫీసు పెట్టినాక ఊరికి జరిగిన మేలు ఏదైనా ఉందంటే ఇదొక్కటే. దానికోసం అతన్ని ఎవరూ మెచ్చుకోలేదు, మెచ్చుకున్నా అతనికి నచ్చేది కాదు.

తిమ్మక్క తోటలో మాత్రం మోటారును నొక్కడానికి ఒక మనిషి కాచుకుని కూర్చోవాల్సి వచ్చింది. నల్లమ్మ బోరు దగ్గర కూర్చునేది. ఆమె సంగటి కెలుక్కోవడానికి ఇంటికి పోయినప్పుడే కరెంటొచ్చేది. ఆమె పరిగెత్తి వచ్చేసరికి పోయేది. తిమ్మక్క కాచుకున్న రోజు అసలు వచ్చేదే కాదు. ఆకులు దొప్పల్లా ముడుచుకున్నాయి. గోలీకాయలంత పిందెలు గాలి లేకుండానే రాలడం మొదలైంది. కొస సాలులో చెట్లు ముందు వాడాయి. ఇంకొన్నాళ్ళు ఇట్లే ఉంటే తోట తనకు మిగలదని తిమ్మక్కకు తెలుసు. తోట లేకపోతే ఈ ఇంట్లో తాను వంటింటి మనిషే అవుతుందనీ తెలుసు.

స్టార్టరు తిరిగి తగిలించమని తమ్ముణ్ణి రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ పెద్దాయన వచ్చి పోనీ అన్నాడు. మూడోసారి అడగలేదు. అర్జీ ఇచ్చేవాళ్ళు ఎవరికి ఇస్తారో చూసింది. ఒకడు పని చేయకపోతే వాడి పైవాడికి ఇస్తారు.

పెద్దాయన వస్తాడన్న కబురు ఒక రోజు ముందు తెలిసింది. విష్ణువర్ధన్ ఊళ్ళో రైతులందరినీ ఇంటి ముందర షామియానా కింద కూర్చోబెట్టాడు. ఆయన వచ్చి పోయేదాకా ఎవరూ కదలకూడదని మాట తీసుకున్నాడు. పదింటికని చెప్పిన పెద్దాయన ఎండ నడినెత్తికి వచ్చినాక వచ్చాడు. అప్పటికి కరెంటు లేదు. అయినా విష్ణువర్ధన్ ముందుచూపు గలవాడు. పొద్దున కరెంటున్నప్పుడే టేబులు దించి పెట్టుకున్నాడు. పెద్దవాళ్ళ ఎత్తులో అది వినయంగా ఒదిగి ఉంది.

పెద్దాయనను టేబులుకు ఎడమవైపు కుర్చీలో కూర్చోబెట్టారు. తెల్ల చొక్కా, తెల్ల పంచె. రెండు మోచేతులూ టేబులు మీద మోపి, ఇంద్రాణి తెచ్చిన కాఫీ ముందర పెట్టుకుని, ఎండలు ఎట్లున్నాయని అడిగాడు. విష్ణువర్ధన్ ఎండల సంగతి వదిలేసి టికెట్టు సంగతికి వచ్చాడు. షరీఫ్ గోడకు ఆనుకుని, కరెంటొస్తే టేబులు చూపించి మెప్పు పొందాలని ఎదురుచూస్తున్నాడు.

"చూడన్నా ఆ జనాన్ని," అన్నాడు విష్ణువర్ధన్ కిటికీలోంచి షామియానా చూపిస్తూ. "పొద్దుటాలనుంచి అట్లే కూర్చోనుండారు. నా మాట దాటి ఒక్కడు అడుగు కదలడు."

పెద్దాయన చూసి తల ఊపాడు. జనం బాగానే ఉన్నారు.

అప్పుడే గుమ్మంలో తిమ్మక్క నిలబడింది. వెనక నల్లమ్మ, నెత్తిన గంప. గంపలో రాలిన పిందెలు.

"ఏందక్కా? ఇప్పుడొద్దు. లోపలికి పో," అన్నాడు విష్ణువర్ధన్ మెల్లగా.

"నేను ఇంట్లో మనిషిగా రాలేదప్పా. అర్జీ తెచ్చినా," అంది తిమ్మక్క. నల్లమ్మను ముందుకు రమ్మంది. నల్లమ్మ ఆ గదిలోకి ఎన్నడూ వచ్చి ఉండలేదు. చెప్పులు లేని కాలు గడప దాటి లోపల పెట్టింది.

పోపుల డబ్బా టక్కుమంది.

గ్రైండరు మోటారు మూలిగింది. టేబులు కుడి భుజం ఎగరేసి లేవసాగింది. పెద్దాయన మోచేతులు చెవుల దాకా వెళ్ళాయి. కాఫీ గ్లాసు కుడినుంచి ఎడమకు నింపాదిగా జారి, అంచు దగ్గర ఒక్క క్షణం ఆలోచించి, తెల్ల చొక్కా మీదికి ఒరిగింది. విష్ణువర్ధన్ ఎర్ర మీట మీద పడ్డాడు. కంగారులో మీట ఊడి చేతికొచ్చింది. టేబులు ఎవరి మాటా వినకుండా నిండా లేచి, పైన స్విచ్చి తగిలినాక ఆగి, నల్లమ్మ ముందు నిటారుగా నిలబడింది. గదంతా తాలింపు వాసన.

నల్లమ్మ పుట్టి బుద్ధెరిగినాక ఆమెను చూసి ఆ ఇంట్లో మనిషి గానీ, కుర్చీ గానీ, మంచం గానీ లేచింది లేదు. గంప దించుకోవడం మరచి తిమ్మక్క చెవిలో అంది. కానీ అందరికీ వినపడింది.

"కూచోమని చెప్పక్కా దాన్ని. నాకెందుకు మర్యాదలు?"

పెద్దాయన వెంట వచ్చినవాళ్ళలో ఒకడు నవ్వి, దగ్గుగా మార్చుకోబోయాడు. ఆ దగ్గు పూర్తి కాకముందే బయట షామియానా కింద ఒక గొంతు వినిపించింది.

"టేబులు లేసింది."

ఇక ఎవరూ ఎవరినీ అడగలేదు. ఎవరి తోట వైపు వాళ్ళు తువ్వాళ్ళు భుజాన వేసుకుని లేచారు. విష్ణువర్ధన్ కిటికీ ఊచలు పట్టుకుని పేరు పేరునా పిలిచాడు. ఒకాయన మాత్రం పోతూ పోతూ వెనక్కి తిరిగి, కరెంటొచ్చిందప్పా, నీకు తెలియదా అన్నాడు. అతనికి తెలియలేదేమోనని నిజంగానే చెప్పిపోయాడు. కాసేపటికి షామియానా కింద కుర్చీలు మిగిలాయి, వాటిలో ఒకదాని మీద ఎవరో మరచిపోయిన చుట్ట మిగిలింది.

పెద్దాయన జేబురుమాలుతో పొట్ట తుడుచుకుంటూ ఖాళీ షామియానాను చూశాడు. గడ్డం దాకా లేచిన టేబులును చూశాడు. తొందరలేని మనిషి. బాగా చూసినాకే నోరు తెరిచాడు.

"జనం ఎవరి మాటింటారో కండ్లారా చూసినా విష్ణూ. టికెట్టియ్యాలంటే దీనికే ఇయ్యల్ల."

అర్జీ చెప్పుకోవడానికి వచ్చిన తిమ్మక్క నోట్లో మాట నోట్లోనే ఉంది. ఎన్ని రోజులనుంచో కూడబెట్టుకున్న మాట. కానీ కరెంటు వచ్చింది, అది ఎంతసేపు ఉంటుందో ఎవరికీ తెలియదు. పెద్దాయన అయితే ఇంకోసారి వస్తాడు, రాకపోయినా నష్టం లేదు. ఆమె నల్లమ్మ నెత్తిమీది గంప దించి, టేబులు బాగా పైనుండడంతో మునివేళ్ళ మీద లేచి, దానిమీద పెట్టింది.

"పదవే, మోటారు నొక్కుదాం," అంది.

ఇద్దరూ వెనక గుమ్మంలోంచి తోటలోకి పరిగెత్తారు. ఆ పూట కరెంటు సాయంత్రం దాకా ఉంది. నల్లమ్మ మడవలు తిప్పుతుంటే తిమ్మక్క గట్టు మీద కూర్చుని, ఒక్కో పాదూ నిండడం చూసింది. ఆఫీసులో ఏమవుతోందో కనుక్కోవాలనిపించలేదు. పొద్దు వాలుతుండగా షరీఫ్ స్టార్టరు పెట్టె నెత్తిన పెట్టుకుని తనే వచ్చాడు. పాత మేకులకే తగిలించాడు. అందులో తన తప్పేమీ లేదనీ, టేబులు లేవాల్సినప్పుడే లేచిందనీ చెప్పుకుంటూనే తగిలించి, పక్కనున్న రాయి మీద కూర్చున్నాడు.

"నేనేమన్నా అన్నానా అప్పా," అంది తిమ్మక్క. "దాన్ని చూసి నువ్వు కూడా కొంచెం మర్యాద నేర్చుకో. నల్లమ్మ నిలబడుండాది, ఆ రాయి మీదినుంచి లెయ్."

టికెట్టు ఇంకెవరికో పోయింది. స్టార్టరు తీసేసినాక టేబులుకు దిగే దారి లేకపోయింది. పైనే బిగుసుకుపోయింది. జాకీలు విప్పుదామంటే షరీఫ్ రాడు, విష్ణువర్ధన్ అతన్ని పిలవడు. ఇంద్రాణి గ్రైండరు మోటారు మాత్రం ఊడబీకించుకుంది. పిల్లికి అందదని పాలగిన్నె ఆ టేబులు మీద పెట్టడం మొదలుపెట్టింది. మిగిలిన చోట విష్ణువర్ధన్ కాగితాలు పెట్టుకుని, గత్యంతరం లేక నిలబడే రాసుకుంటున్నాడు. నడుము నొప్పి తగ్గిందని చెప్పడు గానీ, ఆ మాట ఎత్తడం మానేశాడు.

తోట తేరుకుంది. కొస సాలు మాత్రం తేరుకోలేదు. వానలు పడినా దాంట్లో చెట్లు చిగురు పెట్టలేదు. ఎండిన చీనీ చెట్లకు సర్కారు పరిహారం ఇస్తుందని తెలిసి, విష్ణువర్ధన్ ఒకరోజు టేబులు ముందు నిలబడి అర్జీ రాయసాగాడు. ఎట్లా ఎండినాయని రాయాలో అక్కను అడిగాడు.

తిమ్మక్క పాలగిన్నె దించుకోవడానికి వచ్చింది. మునివేళ్ళ మీద లేచి గిన్నె అందుకుని, మీగడ పక్కకు జరగకుండా జాగ్రత్తగా చంకన పెట్టుకుంది.

"కరువని రాయప్పా," అంది. "అధికారులొచ్చి చూస్తామంటే మటుకు తోటలోకి తీస్కపోవద్దు. ఈ గదిలోకి పిల్చుకోనిరా."